పుట్టువెంట్రుకల చుట్టం

మూడింటికి గానీ లోపలికి పంపరట. ఇప్పుడు రెండుంబావు. బెంచీ మీద కూర్చున్నాను, ఒళ్ళో అమ్మ ఇచ్చిన సంచీ, అందులో అరకిలో కాఫీపొడి, చక్కెర బిళ్ళల డబ్బా, నాలుగు నారింజలు. నడవా పొడుగ్గా ఉంది, గోడలకి సగం ఎత్తు దాకా ఆకుపచ్చ రంగు, మా లుగోవి బడికీ ఇదే రంగు ఉండేది, పోస్టాఫీసుకీ రైల్వే స్టేషనుకీ కూడా ఇదే, చిన్నప్పుడు దేశం మొత్తానికి ఒకే డబ్బాలోంచి రంగు తీసి వేస్తారేమో అనుకునేవాణ్ణి. ఆ దేశం, యుగోస్లావియా, పోయి ముప్పై ఏళ్ళయింది గానీ రంగు ఇంకా పోలేదు. నర్సు రిజిస్టరు తెరిచి పేరు అడిగింది. నియాజ్ అన్నాను. కలం ఒక్క క్షణం ఆగింది. ఈ వైపు ఊళ్ళలో నా ముస్లిం పేరు చెప్పగానే కలాలు అలా ఒక్క క్షణం ఆగుతాయి, అది కోపం కాదు, ఎదటివాళ్ళు మనసులో ఏదో వెతుక్కుంటారు, అంతే. "రోగికి ఏమవుతారు?" అంది. కుమ్ అన్నాను. వేడుకతో కలుపుకున్న చుట్టాన్ని మా భాషలో అలా అంటారు. "పెళ్ళి కుమ్మా, జ్ఞానస్నానం కుమ్మా?" అంది. రెండూ కాదమ్మా, ఆయన నాకు పుట్టువెంట్రుకలు తీసిన కుమ్, అన్నాను. ఆ పిల్లకి పాతికేళ్ళుంటాయేమో. "అలాంటిది కూడా ఉందా?" అంది. ఉండేది, అన్నాను. "బంధువు అని రాస్తాలెండి, గడిలో అంత చోటు లేదు" అని రాసేసుకుంది.

మొన్న సాయంత్రం ఆయన కొడుకు మిలాదిన్ ఫోన్ చేసినప్పుడు నేను ఎనిమిదో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. ముప్పై ఏళ్ళుగా వినని గొంతు, పైగా చివరిసారి విన్నప్పుడు అది పదిహేనేళ్ళ కుర్రాడి గొంతు, అయినా గుర్తుపట్టాను, 'ర' పలికేటప్పుడు వాళ్ళ నాన్నలాగే కాస్త తడబడతాడు. "నియాజ్ అన్నా, నాన్నకి ఊపిరితిత్తులు అయిపోయాయి. నిన్ను పిలవమంటున్నాడు. ఎందుకో నాకు చెప్పడు" అన్నాడు. ఎందుకో నాకు తెలుసు, తెలుసని అనుకుంటున్నాను, తెలియకపోతే మూడు బస్సులు మారి రాను. తొంభై రెండు జూన్‌లో లుగోవి రంపం మిల్లు గోడౌనులో తుపాకులవాళ్ళు పదకొండు మంది ముస్లిం మగవాళ్ళని బంధించారు. రెండు వేల నాలుగులో సున్నపు బట్టీ వెనక గొయ్యి తవ్వితే పది మంది ఎముకలు దొరికాయి. అమ్మ ఆ గొయ్యి అంచున రెండు రోజులు నిలబడింది, ఆ తరవాత తప్పిపోయినవాళ్ళ ఆఫీసులో రక్తం ఇచ్చింది, నేనూ ఇచ్చాను, ఎక్కడ ఏ గొయ్యి తవ్వినా వాళ్ళు మా రక్తంతో పోల్చి చూస్తారు, ప్రతిసారీ ఉత్తరం వస్తుంది, కలవలేదని. పదకొండోవాడు మా నాన్న, రాగిబ్, మిల్లులో పెద్ద రంపం దగ్గర పనివాడు. అమ్మ ఒకటే అడుగుతుంది, ఎవరు చంపారని అడగదు, ఎక్కడ అని అడుగుతుంది. డెబ్భై ఆరేళ్ళొచ్చాయి, ఇక మీదట ఎన్నిసార్లు అడగగలదు. నేను ఇవాళ మా కుమ్ ఓస్తోయాని ఆ ఒక్క మాట అడగాలి. లోపలికి వెళ్ళగానే అడగాలి, ముందు కుశలం అడిగితే చుట్టరికంలో పడి అసలు మాట జారిపోతుంది, మా వైపు మనుషులం ముందు ఆరోగ్యం, తరవాత పిల్లలు, తరవాత వానలు, అసలు సంగతి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకునేటప్పుడు.

పొద్దున అమ్మ, "వాడికేమీ తీసుకెళ్ళకు" అంది. ఓస్తోయా పేరు ముప్పై ఏళ్ళుగా ఎత్తదు, 'వాడు' అనే అంటుంది, అంతకు ముందు ఇరవై రెండేళ్ళు 'కుమా' తప్ప మరో మాటతో పిలవని మనిషి. నేను బూట్లు వేసుకున్నాను, తలుపు తీశాను, మెట్లు సగం దిగాను, పైనుంచి పిలిచింది, సంచీ చేతిలో పెట్టింది. ఏమీ వద్దన్నావుగా అంటే, "జబ్బు మనిషి దగ్గరికి జుమ్రా కొడుకు ఖాళీ చేతులతో వెళ్ళాడని రేపు ఎవరూ అనకూడదు. ఇది వాడి కోసం కాదు, నా పరువు కోసం" అంది. మళ్ళీ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. నారింజలు తరవాత వేసినట్టుంది, సంచీలో పైన ఉన్నాయి.

మా వైపు ఆ పద్ధతి ఎప్పటినుంచి ఉందో నాకు తెలియదు, నేను చదివిన భూగోళంలో అలాంటివి రాయరు. బిడ్డకి ఏడాది నిండాక మొదటి జుట్టు తీయించాలి, ముస్లిం ఇంట్లో బిడ్డకి ఆర్థడాక్స్ వాడో కేథలిక్ వాడో తీయాలి, వాళ్ళ బిడ్డకి మనవాడు. "సొంతవాడి చేత తీయిస్తే ఏం లాభం, వాడు ఎలాగూ నీవాడే, కానివాణ్ణి కదా నీవాణ్ణి చేసుకోవాలి" అనేది నానమ్మ. ఆ రోజు నుంచి రెండిళ్ళ మధ్య దావా ఉండకూడదు, దెబ్బ ఉండకూడదు, రక్తం కలిసినట్టే గనక పిల్లల పెళ్ళి కూడా ఉండకూడదు. నా తల మీద కత్తెర పడిన రోజు నాకు గుర్తుండే వీలు లేదు, అయినా ప్రతి ఏడూ రెండిళ్ళలో చెప్పి చెప్పి, నేను ఆ వరండాలో నిలబడి చూసినట్టే ఉంటుంది: ఏప్రిల్ నెల, ప్లమ్ చెట్ల పూత, ఓస్తోయా తెల్లచొక్కా తొడుక్కుని వచ్చాడు, కత్తెర మర్చిపోయి గొర్రెల బొచ్చు కత్తిరించేది తెచ్చాడు. మా నాన్న, "కుమా, అది గొర్రె కాదు, రేపు చదువుకోబోయే పిల్లాడు" అన్నాడు. "అందుకే తలకాయ వదిలేసి జుట్టు మాత్రమే తీస్తున్నా" అన్నాడు ఓస్తోయా. నేను ఏడ్చాను. ఒక్క కుచ్చు తీయడానికి ఆయన మూడుసార్లు చెయ్యి దించాడట, దూలాలు మోసే మనిషి. అమ్మ ఆయనకి ఆనవాయితీ ప్రకారం చొక్కా, ఊలు మేజోళ్ళు, తువ్వాలు మూటగట్టి ఇచ్చింది. ఆ మేజోళ్ళు ఆమె అల్లినవే. ఆ శీతాకాలం అంతా ఆయన అవే వేసుకుని మిల్లుకొచ్చాడని నాన్న చెప్పేవాడు, చిల్లులు పడ్డాక కూడా.

ఓస్తోయా ఇంట్లో, ఆయన భార్య యోకా అత్త వంటగది గోడకి మేకుల వరసలో చివరి మేకుకి ఒక బాణలి వేలాడేది, దాంట్లో ఎన్నడూ పంది కొవ్వు వేసేది కాదు, అది మా బాణలి. మేం రాని వారాల్లో అది ఖాళీగా ఉండేది, వాళ్ళ సొంత పిల్లలు ఆకలంటున్నా ఆవిడ దాన్ని దించేది కాదు. ఈస్టరుకి ఎర్ర గుడ్లు మా ఇంటికి, మా బైరామ్ పండక్కి బక్లావా మిఠాయి వాళ్ళింటికి, మిలాదిన్ చిన్నప్పుడు పండగ ఎవరిదో తెలియక రెండింటికీ కొత్త బట్టలు అడిగేవాడు. మిల్లు సంఘానికి సముద్రం ఒడ్డున విడిది ఉండేది, పదకొండు గదులు, ఇనుప మంచాలు, కిటికీలోంచి చూస్తే దేవదారు చెట్ల మధ్య నీళ్ళు. రెండు కుటుంబాలం కలిసి వెళ్ళేవాళ్ళం, రైల్లో, కాల్చిన కోడిని కాగితంలో చుట్టుకుని, ఒక రిపబ్లిక్కులోంచి ఇంకో రిపబ్లిక్కులోకి ఎప్పుడు దాటామో ఎవరూ చెప్పేవాళ్ళు కాదు, మిలాదిన్ మాత్రం సొరంగం వస్తే కళ్ళు మూసుకునేవాడు. మా నాన్నకి ఈత రాదు. మోకాళ్ళ లోతు నీళ్ళలో ప్యాంటు పైకి మడుచుకుని నిలబడి, "ఇంత నీళ్ళు పెట్టుకుని ఉప్పు వేసి పాడుచేశారు" అనేవాడు. ఓస్తోయా నన్ను భుజాల మీద ఎక్కించుకుని మెడ లోతు దాకా తీసుకెళ్ళేవాడు, నా వేళ్ళు ఆయన జుట్టులో, వెనక నుంచి నాన్న కేకలు, కుమా చాలు, కుమా చాలు, ఆయన నవ్వు నా పిక్కల కింద అదిరేది. ఇప్పుడు పిల్లలు అడుగుతారు, సార్, నిజంగా పాస్‌పోర్టు లేకుండా సముద్రానికి వెళ్ళేవాళ్ళా అని. వెళ్ళేవాళ్ళం అంటాను, నవ్వుతారు, నేను గొప్పలు చెప్పుకుంటున్నానని.

ఎనభై తొమ్మిదిలో నాకు సరయేవోలో సీటు వచ్చింది, భూగోళం. మా ఇంట్లో నాలుగో తరగతి దాటినవాళ్ళు లేరు. విశ్వవిద్యాలయం వాళ్ళు ఇచ్చే మార్కుల పుస్తకం, ఇండెక్స్ అనేవాళ్ళం, నల్లటి అట్ట, లోపల నా ఫోటో. నాన్న దాన్ని అరచేత్తో నిమిరాడు, ఆవుని కొనేముందు నిమిరినట్టు. ఆ రోజు సాయంత్రం ఇద్దరు కుమ్‌లూ కలిసి దాన్ని కాఫీ దుకాణానికి పట్టుకెళ్ళారు, బల్ల మీద పెట్టి వచ్చినవాళ్ళందరికీ చూపించారు. "ముట్టుకోకు, చేతులు కడుక్కుని రా" అని ఓస్తోయా ఎవరినో కసిరాడట, కసురుతూ చెయ్యి ఊపి తన ఫిల్జాను కప్పులో కాఫీయే ఒలకబోశాడు. మూడో పేజీ మీద నాణెమంత కాఫీ మరక. చదువుకున్నన్నాళ్ళూ ప్రతి ప్రొఫెసరూ ఆ పేజీ దగ్గర ఆగి, ఇదేమిటి అని అడిగాడు, నేను ప్రతిసారీ నిజమే చెప్పాను, మా కుమ్ పోశాడు సార్ అని. ఒకాయన నవ్వి మార్కు ఒకటి ఎక్కువ వేశాడు. ఇంట్లో చెప్పాను. "చూశావా, నా కాఫీ ఊరికే పోలేదు" అని ఓస్తోయా నెల రోజులు చెప్పుకు తిరిగాడు.

దేశం విడిపోతోందని నాకు మొదట ఎవరు చెప్పారని అడిగితే, వాతావరణం చెప్పింది. హాస్టల్ వంటగదిలో చిన్న టీవీ, తెరమీద దేశపటం, రాజధానులన్నిటి పక్కనా ఉష్ణోగ్రతలు, ల్యుబ్లియానా, జాగ్రెబ్, బెల్‌గ్రేడ్, స్కోప్యే, నేను రోజూ నోటుపుస్తకంలో రాసుకునేవాణ్ణి, ఎవరూ చెప్పకపోయినా, భూగోళం చదివేవాడి పని కదా అని. తొంభై ఒకటి ఎండాకాలంలో ఒకరోజు ల్యుబ్లియానా పక్కన అంకె లేదు. అచ్చుతప్పు అనుకున్నాను, గడి ఖాళీ వదిలి రేపు నింపుకుందాం అనుకున్నాను. రేపూ లేదు. తరవాత జాగ్రెబ్ పోయింది. నా నోటుపుస్తకంలో గడులు ఖాళీ అవుతూ వచ్చాయి, నేను మాత్రం గీతలు గీసి పెట్టేవాణ్ణి. గదిలో ముగ్గురం, ఉత్తరాన స్లావోనియా నుంచి స్తీపో, దక్షిణాన స్త్రూమిత్సా దగ్గర పల్లెటూరి నుంచి కీరో, నేను. స్తీపో ఆగస్టులో వెళ్ళాడు, "వారంలో వస్తా, నా పరుపు ఎవడికీ ఇవ్వకండి" అన్నాడు. శీతాకాలం దాకా ఎవడికీ ఇవ్వలేదు. వాళ్ళ ఊరి మీద గుళ్ళు పడుతున్నాయని రేడియో చెప్పినప్పుడు కీరో లేచి ఆ పరుపు మీద దుప్పటి సర్దాడు, ఏదో ఒకటి చెయ్యాలి కదా మనిషి. ఫిబ్రవరిలో కీరో కూడా వెళ్ళాడు, ఎర్ర మిరపకాయల పచ్చడి సీసా నా బల్ల మీద పెట్టి, "పరీక్ష పాసై తిను" అన్నాడు. ఆ పరీక్ష యుగోస్లావియా ఆర్థిక భూగోళం. ఏ గనిలో ఏ ఖనిజం, ఏ నది ఎన్ని కిలోమీటర్లు, ఏ రేవులోంచి ఏ సరుకు. సార్, ఇది ఇంకా చదవాలా అని ఎవరో అడిగితే ప్రొఫెసరు కళ్ళజోడు తుడుచుకుని, "నా దగ్గర వేరే పుస్తకం లేదు బాబూ, నదులు మాత్రం ఎక్కడికీ పోవు, చదవండి" అన్నాడు. చదివాను. ఒకే నేలని రెండుసార్లు నేర్చుకోవలసి వచ్చింది నాకు, ఆ నదులే, ఆ కొండలే, రెండోసారి నేర్చుకునేటప్పుడు మధ్యలో ఎన్ని సరిహద్దులు దాటాలో కూడా గుర్తుపెట్టుకోవాలి.

తొంభై రెండు ఏప్రిల్ మూడో తారీఖున పోస్టాఫీసు నుంచి ఇంటికి ఫోన్ చేశాను. లైను దొరకడానికి గంట పట్టింది, వెనక వరసలో జనం తిడుతున్నారు. అందరూ వెళ్ళిపోతున్నారట నాన్నా, మీరూ బయల్దేరండి, ఆస్ట్రియాలో మామయ్య దగ్గరికి, అన్నాను. నాన్న, "నువ్వు పరీక్ష రాసి రా. ఇక్కడ ఏమీ కాదు, కుమ్ ఉన్నాడు, ఇదిగో నా పక్కనే కాఫీ తాగుతున్నాడు" అన్నాడు. ఓస్తోయా ఫోన్ లాక్కున్నాడు. "ఒరేయ్ పంతులూ, నువ్వు నదులు చదువుకో. మీ నాన్నని ముట్టుకోవాలంటే ముందు నన్ను దాటాలి. నేనే ఉండమన్నాను. ఎక్కడికీ పోవద్దన్నాను, ఇల్లు ఖాళీ చేస్తే దొంగలొస్తారు" అన్నాడు. వెనక అమ్మ ఏదో అంటోంది, వినపడలేదు. తను అప్పుడు అన్నదేమిటో తరవాత ఆమే చెప్పింది, నా పెట్టె సర్దే ఉంది అని. నాన్న ఆ పెట్టెలోంచి బట్టలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టాడు. ఒక అబద్ధం ఉందా ఆ మాటల్లో అని ముప్పై ఏళ్ళు వెతికాను, పరీక్ష పేపరు దిద్దినట్టు ఒక్కో మాటకింద గీత గీసి చూశాను, దొరకలేదు. ఓస్తోయా నమ్మాడు. నాన్న నమ్మాడు. ముప్పై కిలోమీటర్ల అవతలి ఊళ్ళ జనం అప్పటికే మూటలు కట్టుకుని అడవిలో పడి నడుస్తుంటే, కత్తెర పడిన రెండిళ్ళ మధ్యకి తుపాకి రాదని మా వాళ్ళు కాఫీ కాచుకున్నారు. మా వైపు మనుషులు తప్ప ఎవరూ చెయ్యని తప్పు అది. నేను మాత్రం? పరీక్ష ఆరో తారీఖున ఉందని ఆగిపోయాను, ఆరో తారీఖున సరయేవో చుట్టూ దారులు మూసేశారు. పరీక్ష జరగలేదు. మరుసటి ఏడు రెడ్‌క్రాస్ కాగితం మీద అమ్మ రాసిన నాలుగు ముక్కలు అందాయి: నేను జెనిట్సాలో క్షేమం. మమ్మల్ని బస్సెక్కించారు. నాన్న మిల్లు దగ్గర ఆగిపోయాడు. కాళ్ళు పొడిగా ఉంచుకో.

నాన్న యాభై ఒకటి దగ్గర ఆగాడు. నాకిప్పుడు యాభై మూడు, అద్దంలో చూసుకుంటే ఆయనకి అన్నగారిలా ఉన్నాను.

మిలాదిన్ మెట్లెక్కి వచ్చాడు, రెండు చేతుల్లో రెండు కాగితం కప్పులు. లావెక్కాడు, బేకరీలో పని, కనుబొమల్లో ఇంకా పిండి. ఎదురుగా నిలబడ్డాడు, కప్పులతో ఉన్నవాడు కౌగిలించుకోలేడు గనక ఇద్దరికీ ఇబ్బంది తప్పింది. "జుట్టంతా ఏదన్నా?" అన్నాడు. "మీ నాన్న మొదలుపెట్టాడు, మిగతాది బడిపిల్లలు పూర్తిచేశారు" అన్నాను. నవ్వాడు, ఒక కప్పు నాకిచ్చి కళ్ళు తుడుచుకున్నాడు, ఆవిరి తగిలిందన్నట్టు. పక్కన కూర్చున్నాడు. "జుమ్రా అత్త ఎలా ఉంది?" అన్నాడు. మోకాళ్ళు తప్ప అన్నీ బాగున్నాయి అన్నాను. "మా అమ్మ పోయి ఆరేళ్ళు. చివరిదాకా ఆ బాణలి దించనివ్వలేదు. ఎవరొస్తారే అంటే, రాకపోతే రాకపోనీ, నేను మాత్రం మార్చను అనేది." నేను కాఫీ తాగాను, మిషను కాఫీ, చేదు కూడా సరిగా లేదు. మిలాదిన్ గొంతు తగ్గించాడు. "అన్నా, ఒక సంగతి. నాన్నకి మతి కాస్త తప్పిందంటున్నారు. తన సమాధిలో తనని పెట్టొద్దంటాడు. తొంభైలోనే కట్టించుకున్నాడు కదా, అందరూ బతికుండగానే రాయి పెట్టించుకుంటారుగా, పేరు చెక్కించి, పుట్టిన ఏడు వేయించి. అమ్మ పోతే అందులో పెడదామంటే ఇంత ఎత్తున లేచాడు, పక్కన కొత్తది తవ్వించాడు. ఊళ్ళో ఏమన్నారో తెలుసా, చచ్చాక కూడా పెళ్ళాంతో పడుకోనన్నాడు ఓస్తోయా అని. పండగ పండక్కీ ఆ ఖాళీ గోరీ మీద కొవ్వొత్తి వెలిగిస్తాడు, తన పేరు మీద తనే. పిల్లలు నవ్వుతారు. ఇప్పుడేమో, నియాజ్ వచ్చేదాకా ఆ పలక ఎత్తొద్దు అంటున్నాడు. నీకూ దానికీ ఏమిటన్నా సంబంధం?" నాకు తెలియదు అన్నాను. నిజంగానే తెలియదు, అన్న మాట నోట్లోంచి వచ్చేదాకా తెలియదు, తరవాత ఖాళీ గోరీ అన్న మాట మళ్ళీ వినపడింది, చేతిలో కప్పు ఒరిగి కాఫీ సంచీ మీద ఒలికింది, నేను రుమాలు కోసం ఏ జేబులోనో వెతికాను, రుమాలు ఏ జేబులో పెట్టుకుంటానో ఎంతకీ గుర్తురాలేదు. మిలాదిన్ ఏమైందన్నా అంటున్నాడు. గడియారంలో మూడయింది. "ఒక్కరే వెళ్ళాలి. అరగంట" అంది నర్సు.

ఆయన మంచంలో చాలా తక్కువ చోటు పట్టాడు. ముక్కులో గొట్టం. చేతులు మాత్రం అవే, దూలాలు మోసిన చేతులు, దుప్పటి మీద వేరే ఎవరో పెట్టి మరిచిపోయినట్టున్నాయి. అడగాల్సిన మాట నోట్లోనే ఉంది, అడగలేదు. "జుమ్రా పంపిందా, చెప్పకుండా వచ్చావా?" అన్నాడు ఓస్తోయా. పంపింది, కాఫీ కూడా పంపింది అన్నాను. కళ్ళు మూసుకుని తెరిచాడు. "విను బిడ్డా. మధ్యలో ఏమీ అడగొద్దు, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేను" అన్నాడు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఎదురుచూస్తూ చెప్పాడు. "మే నెలంతా తిరిగాను. మావాళ్ళలో ఎవరెవరి కాళ్ళు పట్టుకోవాలో పట్టుకున్నాను. రాగిబ్ నా కుమ్, ముట్టుకోవద్దు అన్నాను. నవ్వారు. ఆ మాట ఇప్పుడు చెల్లదు ముసలోడా అన్నారు, అప్పటికి నాకు యాభై నాలుగు. జూన్‌లో మిల్లు ట్రాక్టరు తోలమన్నారు. ఏం తోలాలో చెప్పలేదు. గోడౌను వెనక్కి వెళ్ళాక చూశాను. మిగతా పది మందినీ వాళ్ళు దింపమన్నచోట దింపాను. ఆ చోటు మీరు తవ్వారు. రాగిబ్‌ని ట్రాక్టరులోనే రంపంపొట్టు కింద దాచేశాను. వాన పడుతోంది, కాపలావాళ్ళు తడవడం ఇష్టం లేక లోపల కూర్చున్నారు. మా శ్మశానానికి పోనిచ్చాను. చోటు నాది, సిమెంటు వేయించింది, రాయి పెట్టించింది, ఎవడూ నన్ను అడగడు. పలక ఒక్కణ్ణే జరిపాను. రాయి పెట్టించిన రోజు వాడు వచ్చి చూసి, కుమా, బతికుండగా ఇల్లు కట్టుకున్నావు, అద్దెకిస్తావా అన్నాడు. నేను, నీకైతే ఊరికే ఇస్తా అన్నాను. నవ్వుకున్నాం." ఆగాడు. గొట్టంలో గాలి చప్పుడు. "మీ పద్ధతి నాకు తెలిసినంత చేశాను. పెట్టె వద్దు కదా మీకు. దుప్పటి చుట్టాను, కుడి పక్కకి తిప్పి పడుకోబెట్టాను. మీ నమాజు దిక్కు సరిగా చూశానో లేదో, మబ్బు పట్టి ఉంది. నువ్వు భూగోళం చదివావు, వెళ్ళి నువ్వు చూడు. తప్పయితే సరిచెయ్యి."

ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదని అడిగాను. అడగొద్దన్నాడు, అయినా అడిగాను. భయమేసింది అన్నాడు. మొదట్లో వాళ్ళంటే భయం. తరవాత వాళ్ళు ముసలాళ్ళయిపోయారు, కొందరు చచ్చారు, భయం వేరేది అయింది. "చెప్తే జుమ్రా వస్తుంది. వస్తే నా ముఖం చూస్తుంది. ఆ పెట్టె సర్దుకున్న మనిషిని నేనే ఆపాను. ఆమె ముఖం నేనెలా చూడను? రేపు చెప్దాం, ఈస్టరు వెళ్ళాక చెప్దాం అనుకుంటూ ముప్పై ఏళ్ళు." నాకు కోపం రావాలి. ఆ గొయ్యి అంచున నల్ల గొడుగు పట్టుకుని నిలబడ్డ అమ్మని తలుచుకుని కోపం తెచ్చుకోబోయాను, వచ్చింది కూడా, రెండు కిలోమీటర్లు, ఆ గొయ్యికీ ఆ శ్మశానానికీ మధ్య రెండే కిలోమీటర్లు, ఈ మనిషి ఒక్క మాట అంటే అయిపోయేది, పద్దెనిమిదేళ్ళ ఉత్తరాలు తప్పేవి. కోపం వచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియక, నేను ఆయన దుప్పటి అంచు సర్దాను. సర్దుతూ ఉంటే ఆయన నా తలకేసి చూస్తున్నాడు.

ఇప్పుడు నడవాలో కిటికీ దగ్గర నిలబడ్డాను. మిలాదిన్ నా ముఖం చూసి దగ్గరికి రాలేదు. అమ్మకి ఫోన్ చేశాను. ఒక్క మోతకే ఎత్తింది, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నట్టుంది. చెప్పాను. నాన్న ఎక్కడున్నాడో, ఎవరు పెట్టారో, ఎలా పెట్టారో, కుడి పక్కకి తిప్పిన సంగతి కూడా, ఒక్కటీ వదలకుండా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను, అలా తప్ప నాకు రాదు.   ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను, దేనికైనా సిద్ధంగానే ఉన్నాను.

"అక్కడ ఎండ పడుతుందా?" అంది.

నాకు తెలియదమ్మా, నేను చూడలేదు అన్నాను. "నిన్ను కాదు అడిగింది. వాడికి ఇవ్వు" అంది. టైము అయిపోవచ్చిందమ్మా అంటే, "ఇవ్వు" అంది. నర్సు తలుపు దగ్గరే ఉంది, మళ్ళీ ఎక్కడికి అంది, ఒక్క నిమిషం అన్నాను, ఆమె ఏమన్నదో వినలేదు, తోసుకుని లోపలికి వెళ్ళి, ఓస్తోయా చెవికి ఫోన్ ఆనించి పట్టుకున్నాను. జుమ్రా అన్నాను. ఆయన చెయ్యి ఎత్తి ఫోన్ పట్టుకోబోయాడు, ఎత్తలేకపోయాడు. అమ్మ మాటలు నాకు వినపడలేదు. ఆయనవే వినపడ్డాయి. "పడుతుంది... పొద్దున... పదకొండు దాకా బాగా పడుతుంది... తరవాత ఓక్ చెట్ల నీడ... లేదు, నీళ్ళు చేరవు, ఎత్తున ఉంది... ఊలుదే. మా పెళ్ళి దుప్పటి... లేదు. లేదు కుమా, ముఖానికేమీ కాలేదు... వెళ్ళేవాణ్ణి. ఒంటరిగా ఉంచలేదు. మంచు పడితే ఊడ్చేవాణ్ణి..." తరవాత వింటున్నాడు, కళ్ళు పైకప్పు మీదే ఉన్నాయి, కణత మీదుగా నీళ్ళు కారి నా చేతిమీద పడ్డాయి. అమ్మ ఏమడిగిందో, ఎంత సేపు అడిగిందో. "అవును" అన్నాడు ఓస్తోయా. ఊపిరి తీసుకున్నాడు. "అవును. నేనే. నువ్వు వెళ్దామన్నావు, నేనే ఉండమన్నాను."

ఆ మాట అయ్యాక అటునుంచి ఏమీ రాలేదని ఆయన ముఖం చూసి తెలిసింది, కానీ ఫోన్ తెరమీద నిమిషాలు నడుస్తూనే ఉన్నాయి, అమ్మ పెట్టెయ్యలేదు. ఆయనా చెవి తియ్యలేదు. నర్సు గుమ్మంలోకి వచ్చి గోడ గడియారం వైపు వేలు చూపించింది, తరవాత ఆయన్ని చూసి, వేలు దించేసింది. నేను ఫోన్ అలాగే పట్టుకుని నిలబడ్డాను, మోచెయ్యి లాగుతున్నా మార్చుకోలేదు, కదిపితే లైను తెగుతుందేమోనని.